ముప్పై నాలుగో నంబరు

బేకరీ వెనకగదిలో కోడలు కంప్యూటరు ముందు తల పట్టుకు కూర్చుంది. పక్కనే స్టూలు మీద మామగారు. అవతలి ఆరు ఓవెన్లనూ నడిపే ప్రోగ్రాం రాసింది ఆయన భార్య. ఆవిడ పోయి మూడేళ్లయినా ఆ ప్రోగ్రాం రోజూ రొట్టెలు కాలుస్తూనే ఉంది. నిన్న పాత కంప్యూటరు చేతులెత్తేస్తే, దాని చోటికి అరచేయంత కొత్త పెట్టె వచ్చింది. మధ్యాహ్నంలోగా ఇందులో నడవకపోతే వేరే ప్రోగ్రాం తెప్పిస్తానని యజమానురాలు తేల్చి చెప్పేసింది.

"ఒక్కో ఓవెన్‌ని ఒక్కో థ్రెడ్, అంటే ప్రోగ్రాంలో విడిగా నడిచే ఓ పాయ, కాపలా కాస్తుంది మామయ్యా. మనం వేడి మార్చగానే అత్తయ్య ప్రోగ్రాం వాటన్నిటికీ ముప్పై నాలుగో నంబరు సిగ్నల్ పంపుతుంది, కొత్త అంకె చూసుకోండర్రా అని. ఇందులో ఆ సిగ్నల్ పడగానే ప్రోగ్రామంతా ఠపీమని పోతోంది."

"ముప్పై నాలుగే ఎందుకమ్మా?"

"ముప్పై రెండు నుంచి ఉన్న సిగ్నళ్లు ప్రోగ్రాం రాసేవాళ్ల కోసం. కానీ మొదటి రెండూ థ్రెడ్లని నడిపే రెడీమేడ్ కోడు, లైబ్రరీ అంటారు, అది సొంతపనికి అట్టిపెట్టుకుంటుంది. అత్తయ్య మూడోది తీసుకున్నారు. ఇక్కడ లైబ్రరీ వేరు కదా..." ఆమె గబగబా ఏదో చదివి, ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇది మూడు అట్టిపెట్టుకుంది! అత్తయ్య కూర్చున్న సీటు దీనిదే!"

"ఖాళీ ఎక్కణ్ణుంచో అడగడానికి వీల్లేదా?"

"భేషుగ్గా అడగొచ్చు. అడిగితే అదే చెబుతుంది. అత్తయ్యే అడక్కుండా నంబరు రాసేశారు."

మామగారు స్టూలు ఊగేలా నవ్వారు. "నేను దారి అడక్కుండా నడుస్తానని నలభై ఏళ్లు దులిపేసింది తల్లీ! 'అడిగితే నోటి ముత్యాలు రాలతాయా' అనేది. ఇన్నాళ్లకి దొరికింది!"

కోడలు నంబరు లైబ్రరీనే అడిగేలా పాత లైను కింద ఒక్క కొత్త లైను రాసింది. అద్దం తలుపుల వెనక వేడి చూపే ఆరు ముళ్లూ ఒకదాని వెంట ఒకటి పైకి లేచాయి.

"మాష్టారూ, అన్నీ వేడెక్కాయండీ!" అవతలి నుంచి యజమానురాలు కేక పెట్టింది. "ఇంకో ప్రోగ్రామూ వద్దు, ఏమీ వద్దు. ఇదే ఉండనివ్వండి!"

"పాత లైను చెరిపేయనా మామయ్యా?"

"అయ్యయ్యో, వద్దు. పని చెయ్యకుండా పక్కన పెట్టు." ఆయన కళ్లు తుడుచుకున్నారు. "దెబ్బలాడుకోవడానికి మాకూ ఏదో ఒకటి ఉండాలి కదా."