పింగాణీ కొట్టులో నూట డెబ్బైనాలుగు దెబ్బలు

అన్నయ్యకు ఏదైనా తూకంలో ఉండాలి. చెల్లెలి పాటలో నిమిషానికి నూట డెబ్బైనాలుగు దెబ్బలు. పోనీ వాటినైనా వరసగా వేస్తుందా? డ్రమ్ముల మోతను ముక్కలుగా తరిగి, వెనకది ముందుకీ ముందుది వెనక్కీ పెట్టి కుట్టేస్తుంది. అడుగున బేస్ అనే లోతైన మోత మాత్రం అందులో సగం వేగంతో, భోంచేసిన ఏనుగులా నడుస్తుంది.

"డ్రమ్ అండ్ బేస్ అంటే అంతే అన్నయ్యా. పైన పరుగు, కింద నడక."

"ఒకే సరుక్కి రెండు తూకాలా? నేనలా అమ్మితే తంతారే!"

తిట్టినా, ఆ మధ్యాహ్నం తన పింగాణీ కొట్టు ఆమెకే వదిలాడు. ఆమె పెద్ద స్పీకర్లు ఇంట్లో పట్టవు. డాన్సు హాలు యజమాని వచ్చి వింటాడు. నచ్చితే శనివారం సాయంత్రం ఆ హాల్లో ఒక గంట ఆమెది. నచ్చకపోతే మళ్లీ ఏడాది దాకా ఊసే లేదు.

యజమాని వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "నేను పాట సంగతి చూడనమ్మా. వినేవాళ్ల కాళ్లు చూస్తా."

చెల్లెలు కొట్టంతా కలయజూసింది. కొట్టులో ఉన్న కాళ్లు అన్నయ్యవే. అవి ఆయన పెళ్లిలో కూడా ఆడలేదు.

సరే, మీట నొక్కింది. నిమిషంపాటు సన్నని రాగం. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే డ్రమ్ములూ బేసూ కలిసి మీద పడ్డాయి. అరల్లో రెండు వేల కప్పులు ఒక్కసారిగా పలికాయి.

"ఆగు! మూడో అరలో ఒకటి టప్పుమంది!" అన్నయ్య ఎగిరి దాన్ని లాగాడు.

కప్పును గోటితో కొట్టి చూడటం ఆయన అలవాటు. మంచిది ఖంగుమంటుంది, బీట పడ్డది టప్పుమంటుంది. సరుకంతా అలా చూడటానికి వారం పడుతుంది. ఇప్పుడు బేస్ అన్నిటినీ ఒకేసారి కొట్టి చూపిస్తోంది!

"ఇదిగో ఇంకోటి! ఓరి నాయనో, అదిగో కింద! పెంచవే, ఇంకా పెంచు!"

కాళ్లు డ్రమ్ములతో పాటు ఈ అర నుంచి ఆ అరకు పరుగు. తల బేస్‌తో పాటు నిదానంగా ఊగుతోంది. పైన నడక, కింద పరుగు. తలకిందులైనా తూకం తప్పలేదు. చెల్లెలు నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది.

యజమాని లేచాడు. ఆయన బూట్లు కూడా నేలను తడుతున్నాయి. "శనివారం గంట నీదేనమ్మా. ఆ ఆడే ఆయన్ని కూడా తీసుకురా."

"ఎవరు ఆడేది?" అన్నాడు అన్నయ్య, చేతికో కప్పుతో గంతు వేస్తూ.