రెండు ఎడమ చేతుల కోటు

కోటు తొడుక్కున్నాయన కుడి చెయ్యి పైకెత్తబోయి ఆగిపోయాడు. భుజం దగ్గర గుడ్డ మెలికపడి వెనక్కి లాగుతోంది. మా కుట్టుపని కొట్లో నాన్న కత్తిరిస్తాడు, అమ్మ కుడుతుంది. ఈ కోటుకి నాన్న రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించాడు. అమ్మ చూసింది. చూసి కూడా అలాగే కుట్టేసింది.

"రేపు కొత్త ఉద్యోగంలో చేరాలమ్మా, ఇదేం పని?" అని నా మీద విసుక్కున్నాడాయన. "కొట్టు తెరిచేసరికి వస్తా. సరిచేసి ఉంచండి," అని కోటు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మా అమ్మానాన్నల విడాకుల తీర్పు కూడా రేపే.

వాళ్లు మాట్లాడుకోవడం మానేసి ఏడాది. కత్తిరింపు బల్లకూ మిషనుకూ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా మాటలు మోసేది నేనే. అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో నన్నడగండి, చెబుతాను. "మీ అమ్మకు చెవుడొచ్చిందా?" అని నాన్న అరిస్తే, "నాన్న కాస్త వినమంటున్నాడు" అని అమ్మకు అందించేదాన్ని. నాకున్నది ఒక్కటే ఆశ. ఇద్దరూ ఒక్కసారి ఎదురెదురుగా మాట్లాడుకుంటే చాలు, రేపు కోర్టు మెట్లెక్కరు. ఇంత వయసొచ్చి కూడా పసిపిల్లలా దాన్నే పట్టుకుని వేలాడాను.

"కళ్లుండీ ఎందుకు కుట్టిందో మీ అమ్మనడుగు," అన్నాడు నాన్న.

"కత్తిరించింది కత్తిరించినట్టు కుట్టమని నీతోనే కదే కబురంపారు. అది చెప్పు," అంది అమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నేను చెప్పను. పరువు మీ ఇద్దరిదీ. మీరే తేల్చుకోండి!"

కోటు బల్ల మీద పడేసి బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను. ఇక అరుచుకుంటారు, కత్తెర గోడకు తగులుతుంది అనుకుంటూ బిక్కచచ్చిపోయాను. లేచి వెళ్లాలని మనసు లాగుతున్నా పంటి బిగువున కదలకుండా ఉన్నాను.

"గుడ్డ మిగిలిందా?" నాన్న గొంతు.

"ఉంది. ఒక చేతికి సరిపోతుంది."

"అయితే కుడిది విప్పు. కొత్తది కత్తిరిస్తా."

"కాస్త వదులు పెట్టండి. అతని భుజం వాలుగా ఉంది."

"అవును, చూశా."

నా ప్రాణం లేచొచ్చింది. మిషను నడిచింది. అమ్మ ఏదో అంది, నాన్న నవ్వాడు కూడా! గెలిచాననుకుని లేచి గుమ్మం దాకా వెళ్లాను.

"రేపు పదింటికేనా?" ఇస్త్రీ చేస్తూ అడిగాడు నాన్న.

"ఇంకా ముందే రమ్మన్నాడు లాయరు. కోటు ఇచ్చేసి వెళ్దాం."

"సరే. నీ మిషను తీసుకెళ్లడానికి బండి మాట్లాడతాలే."

"పెద్దది వద్దు. చిన్నది చాలు."

ఆ మాటల్లో కోపం లేదు. అదే నన్ను చంపింది. కోపమైతే ఎప్పటికైనా తగ్గేది.

అమ్మ తలెత్తి నన్ను చూసింది. "ఏమే, అలా నిలబడ్డావ్?"

"ఇప్పుడు బాగానే మాట్లాడుకుంటున్నారుగా," అన్నాను. ఏడుపు ఆగలేదు. "ఇలాగే ఉండిపోకూడదా?"

నాన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"లేదు తల్లీ," అన్నారు ఇద్దరూ.

ఏడాదిలో వాళ్లు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి.