పడని మందులు: లేవు

నేను ఒక కేసు షీటును. లేత పచ్చ అట్టముక్కను. అనకాపల్లిలో ఒక పళ్ళ డాక్టరుగారి అలమరా నా ఇల్లు. పుట్టింది మాత్రం ప్రింటింగు ప్రెస్సులో, ఒక శుభలేఖకీ ఒక కోళ్ళ దాణా కరపత్రానికీ మధ్య. శుభలేఖను నలుగురు సరిచూశారు. దాణా కరపత్రాన్ని ఇద్దరు. నన్ను ఒక్కరూ చూడలేదు. మనిషి ప్రాణం రాసుకునే కాగితమే కదా!

నా నుదుటి మీద నాలుగు వరుసలున్నాయి. పేరు, వయసు, ఊరు. నాలుగోది "పడని మందులు". ఆ వరుసలోని రెండో మాట ఒక మనిషిని చంపబోయింది. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆవిడ పేరు పైడితల్లి. ఆసుపత్రి ఆపరేషన్ గదిలో ఇరవై రెండేళ్ళు ఆయాగా చేసింది. వాడిన రబ్బరు గ్లౌజులు కడిగి, ఆరబెట్టి, పౌడరు జల్లి మళ్ళీ సిద్ధం చేయడం ఆవిడ పని. ఆ రబ్బరే పగబట్టింది. ముందు వేళ్ళకు దురద, తర్వాత దద్దుర్లు. మనవరాలి పుట్టినరోజుకు బుడగ ఊదితే పెదాలు వాచి ఊపిరాడలేదు. "ఎక్కడికెళ్ళినా ముందే చెప్పు, ఇంకోసారి తగిలితే ప్రాణం మీదికొస్తుంది" అని అప్పుడు చూసిన డాక్టరు హెచ్చరించాడు.

చెప్పింది. పన్ను పీకించుకోడానికి వచ్చిన రోజు నా ఎదురుగానే చెప్పింది.

కౌంటరులో హైమ పెన్ను తీసింది. "మందులేవైనా పడవా పిన్నీ?"

"మందులన్నీ పడతాయమ్మా. రబ్బరే పడదు."

"రబ్బరు మందేటి?" హైమ కిసుక్కున నవ్వింది. "రబ్బరు తింతావేటి నువ్వు?"

"తినడం కాదే. ఒంటికి తగిలితే పడదు. రాసీ."

"రాసేసాన్లే, కూకో."

రాసింది. "లేవు" అని రాసింది. పడని మందులు లేవు. అక్షరం తప్పు లేదు. అబద్ధం ఆడకుండా మనిషిని చంపడం ఎలాగో ఆ రోజే చూశాను.

లోపల డాక్టర్ మహంతి నా వైపు రెప్పపాటు చూశాడు. "లేవు" కనబడింది. అంతే, పక్కన పడేశాడు. తెల్ల రబ్బరు గ్లౌజులు చటుక్కున తొడిగాడు. పైడితల్లి వాటిని చూడలేదు. సూదికి భయపడి కళ్ళు మూసుకుంది. కాయితం మీద రాయించానన్న ధీమా ఒకటి!

చిగురుకు మత్తు ఇంజెక్షన్ పడింది. తర్వాత రబ్బరు వేళ్ళు నోట్లోకి వెళ్ళాయి. మూడు నిమిషాలు. పెదాలు వాచాయి. గొంతులో పిల్లికూత. కళ్ళు తేలిపోయాయి.

మహంతి పరుగెత్తాడు. మందు గాజుబుడ్డి చేతిలోంచి జారుతోందని గ్లౌజులు పీకి అవతల పారేశాడు. అది ఆవిడ అదృష్టం, ఆయన తెలివి కాదు. తొడకు ఇంజెక్షన్ పొడిచి, ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సు ఎక్కించాడు. నేనూ ఆయన జేబులో వెళ్ళాను.

సాయంత్రానికి ఆవిడ ఊపిరి నిలదొక్కుకుంది. మంచం పక్కన మహంతి నన్ను తీశాడు. "లేవు" కొట్టేసి "మత్తు ఇంజె..." అని మొదలుపెట్టాడు.

నాకు నోరుంటే అరిచేదాన్ని. ఆ మాట పూర్తయితే, ఈసారి మత్తు లేకుండా పన్ను పీకుతారు. అవే గ్లౌజులతో!

పైడితల్లి చెయ్యి ఆయన మణికట్టును పట్టేసింది.

"ఏటి రాస్తన్నావు బాబూ?"

"మత్తుమందు నీకు పడలేదమ్మా."

"ఇంతకుముందు ఇంకో డాక్టరు దగ్గర మత్తుతోనే రెండు పళ్ళు పీకించుకున్నాను. ఆ డాక్టరు రబ్బరు లేని నీలం తొడుగులేసుకున్నాడు. ఇయ్యాల నువ్వేటి తొడిగావు?"

మహంతి తన చేతుల వైపు చూసుకున్నాడు. "కాగితంలో లేవు అని ఉంది..."

"మీ కాయితం మందుల్నే అడిగింది. నన్నడిగిందా?"

పెన్ను లాక్కుంది. ఆయన రాసినదాన్ని కొట్టేసింది. అచ్చులో ఉన్న "మందులు" అనే మాట మీద అడ్డంగా గీత గీసింది. కింద వంకర అక్షరాలతో రాసింది: రబ్బరు. తర్వాత రక్తపరీక్షా అదే తేల్చింది.

నెల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి పొద్దున్నే మొదటి పేషెంటు తనే. గదిలో రబ్బరు గ్లౌజు పెట్టె ఇంకా తెరవలేదు, బల్లలన్నీ తడిగుడ్డతో తుడిచారు. మహంతి నీలం గ్లౌజులు ముందే చూపించాడు. పన్ను ఊడింది. దద్దురు ఒక్కటీ లేవలేదు.

బయటికి వస్తూ పైడితల్లి అలమరా వైపు చూసింది. నా తోబుట్టువులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. అన్నిటి నుదుటా అదే మాట.

"పాతవి అయిపోయాక కొత్తవి వేయిస్తారంట పిన్నీ," అంది హైమ, చూపులు తప్పిస్తూ. "ఇంకో తొమ్మిదొందలున్నాయి."

నోట్లో దూది. పైడితల్లి కట్ట లాగి బల్ల మీద పడేసింది, పెన్ను కోసం చెయ్యి చాపింది. కూర్చుని ఒక్కో అట్ట మీదా "మందులు" కొట్టేయడం మొదలుపెట్టింది.

పదో అట్ట దగ్గర పెన్ను దిగబడి కాగితం చిరిగింది.

చిరగనీ.