రాజుగారి పిల్లిగడ్డం

నేను ఒక పిల్లిగడ్డాన్ని. మేకప్ మాన్ గున్నయ్య సన్నటి వలగుడ్డ మీద వెంట్రుక వెంట్రుకా కుట్టి నన్ను పుట్టించాడు. ఆ వెంట్రుకలు ఎవరెవరివో నాకు తెలియదు, మాది పెద్ద కుటుంబమే అయ్యుండాలి.

జానపద సినిమాలో రాజుగారు మారువేషంలో దేశం తిరగాలంటే నేనుండాల్సిందే. అదే ముక్కు, అదే గొంతు, వేలికి అదే రాజముద్రిక. అయినా నన్ను అతికించుకుంటే చాలు, కన్నతల్లి కూడా "ఎవరు నాయనా నువ్వు?" అనాలి. అది ఆచారం. స్టూడియో జనం ఆ ఆచారాన్ని మరీ ఒంటబట్టించుకున్నారు.

ఒక మధ్యాహ్నం హీరో మార్తాండరావుగారు నాతోనే సిగరెట్టుకని బయటికెళ్ళారు. తిరిగొస్తే గేటు దగ్గర గూర్ఖా ఆపేశాడు.

"నేనే హీరోనయ్యా!"

"ఆయనకి గడ్డం లేదు. పో పో."

లాగేద్దామంటే నేను ఊడిరాను. ఆ రోజు గమ్ అయిపోయి గున్నయ్య వడ్రంగి బంక రాశాడు మరి.

పక్కన టీకొట్టు బెంచీ మీద భటుడి వేషగాడొకడు ఈటె గోడకి ఆనించి కూర్చున్నాడు. జరిగి చోటిచ్చాడు, తన వడలో సగం తుంచి పెట్టాడు. సినిమాలో రాజు ప్రజల్ని అడిగినట్టే మార్తాండరావుగారు అడిగారు: "మీ హీరో ఎలాంటివాడు?"

ఆ ప్రశ్నకి సినిమాలో అయితే "దేవుడు" అంటారు.

"మంచి నటుడే," అన్నాడు భటుడు. "ఏళ్ళ తరబడి ఆయన సింహాసనం పక్కనే నిలబడుతున్నా. నా పేరు సింగన్న అని కూడా ఆయనకి తెలీదు. పాపం, పక్కన కూచుని టీ తాగడానికి ఒక్క మనిషి లేడు ఆయనకి."

ఆయన చుబుకం వణికింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

అంతలో గున్నయ్య వేణ్ణీళ్ళతో పరుగెత్తుకొచ్చి నన్ను ఊడదీశాడు. "ప్రభూ! తమరా!" అంటూ గూర్ఖా వచ్చి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. సింగన్న ఉలిక్కిపడి లేచి చేతులు కట్టుకున్నాడు.

"కూర్చో సింగన్నా, టీ చల్లారిపోతుంది."

"అమ్మో, తమరి పక్కనా బాబూ!"

ఎంత బతిమాలినా కూర్చోలేదు. ఖాళీ బెంచీ చూసి మార్తాండరావుగారికి దిగులేసింది. నాకూ వేసింది. ఆయన గున్నయ్య చేతిలోంచి నన్ను లాక్కుని, అటు తిరిగి, వంకరగానే అంటించుకుని ఇటు తిరిగారు.

సింగన్న హాయిగా కూలబడి బెంచీ తట్టాడు. "ఎక్కడికి పోయావయ్యా? ఇప్పుడే హీరోగారొచ్చారు. నన్ను పేరు పెట్టి పిలిచారు, తెలుసా!"

ఆ సినిమా ఆడలేదు. నేను మాత్రం మార్తాండరావుగారి కళ్ళజోడు డబ్బాలో కాపురముంటూ, రోజూ టీవేళకి బయటికొస్తాను. హీరోగారు తనని పేరు పెట్టి పిలిచిన ఆ రోజు గురించి సింగన్న ఇప్పటికీ ఆయనకే చెబుతుంటాడు.