బోళం డబ్బా

ఇస్నాపూర్‌ల జైపాల్ పాస్టర్ చర్చి అంటే గోపురం, గంట గిట్ల ఏం ఉండవు. కింద పంక్చర్ షాపు, పైన రేకుల హాలు. పైన ప్రార్థన నడుస్తుంటే కింద గాలి మిషన్ బుస్సుమంటది. మొదట్ల కోపమొచ్చేది గని, ఇప్పుడు ఆ బుస్సు ఇనబడకపోతేనే ఏదో తక్కువైనట్టు అనిపిస్తది అందరికి.

డిసెంబర్ వచ్చిందంటే ఆ రేకులకు ఒక నక్షత్రం ఎక్కుతది. వెదురు బద్దలు, ఎర్ర పతంగి కాగితం, నడిమిట్ల ఒక బల్బు. అట్టపెట్టెల కంపెనీల పనిచేసే బాలరాజ్ ఏటా దానికి కొత్త కాగితం అంటిస్తడు. పండుగ ముందటి ఆదివారం, పొద్దు వాలుతుందనంగ, ఆ నక్షత్రం కొక్కెం ఊడదీసుకొని, వైరు గుంజుకొని బయలుదేరుతది. ఏ ఇంటి మీద ఆగితే ఆ ఇంటికి బైబిల్ల తూర్పు నుంచి వచ్చిన ముగ్గురు జ్ఞానుల ఏషం కట్టినోళ్లు కానుకలు పట్టుకొని పోవాలె. నిరుడు ఒక కూరగాయల బండి మీద ఆగింది. "జెర పక్కకు జరగమనుండ్రి, టమాటలన్ని ఒక్క తీరుగ ఎర్రగ కొడుతున్నయి, కొనెటోళ్లు నమ్ముతలేరు" అన్నడు బండాయన.

ముగ్గురు జ్ఞానుల్ల బంగారం డబ్బా అనిల్‌ది. కాజీపల్లి మందుల కంపెనీల చేస్తడు, పొడుగు మనిషి, కిరీటం నప్పుతది. సాంబ్రాణి డబ్బా ఆటో నడిపే బాలప్పది. మిగిలిన బోళం డబ్బా ఎప్పటికీ బాలరాజ్‌దే. మూడూ ఖాళీ డబ్బాలే అనుకో. ఒకటి మిఠాయిలది, ఒకటి చెప్పులది, బాలరాజ్‌ది ఇంటికి మిక్సీ వచ్చిన డబ్బా. పైన మెరుపు కాగితం అంటిస్తే అయిపాయె, దొరల కానుకలు తయారు. కిరీటాలేమో కంపెనీ అట్టలతోని కోస్తడు బాలరాజ్. లోపటి దిక్కు చూస్తే గొడుగు బొమ్మ, ‘ఈ వైపు పైకి’ అని బాణం గుర్తు ఉంటయి.

ఆ ఆదివారం పాస్టరయ్య ఏటా చెప్పేదే మళ్ల చెప్పిండు.

"బంగారం రాజుకు ఇచ్చేది. సాంబ్రాణి దేవునికి వేసేది. బోళం సచ్చిపోయినోళ్ల ఒంటికి పూసేది. మరి ఇయ్యాల మనమేం తేవాలె? మనకు ఏది ప్రాణమో అది మన బంగారం. మన ప్రార్థన సాంబ్రాణి. ఇగ బోళమంటే చేదు. ఎవ్వరికీ చెప్పుకోకుండ లోపట దాసుకుంటం సూడు, గా చేదు. అది గూడ తెచ్చి ఆయన ముందట పెట్టాలె."

మొదటి రెంటికి ‘ఆమేన్’ గట్టిగ వచ్చింది. మూడోదానికి జెర సన్నగ వచ్చింది.

"అయ్యగారు, పుట్టినోని ఇంటికి సావు సామాను పట్కపోవుడేంది?" అన్నడు బాలరాజ్ దూది గడ్డం కట్టుకుంట. "వచ్చే ఏడు నాకు సాంబ్రాణన్న ఇయ్యుండ్రి."

అందరు నవ్విన్రు. "ఎవరికన్న ప్రార్థన అక్కర ఉంటే చెయ్యెత్తుండ్రి" అన్నడు పాస్టరయ్య. "బాలరాజ్ బ్రదర్, బిడ్డకు కాన్పయింది గదా, ఎట్లున్నరు?"

"బాగున్నరు అయ్యగారు. తల్లి, పిల్లడు ఇద్దరు మంచిగున్నరు" అన్నడు బాలరాజ్. చెయ్యి ఎత్తలే.

మంచిగ లేరు. ఆయన బిడ్డ సృజన సంగారెడ్డి దవాఖాన్ల కని ఇంటికొచ్చిన కాన్నుంచి గోడ దిక్కు తిరిగి పండుకుంది. పిల్లగాన్ని ఒళ్లెకు తీసుకోదు, పాలియ్యదు. ఇప్పటిదాంక వాని మొఖమే సూడలే. బాలరాజ్ పెండ్లాం వనజ ఉగ్గుగిన్నెతోని డబ్బా పాలు పడుతుంటే వాడు తాగినదంత కక్కుతున్నడు. నర్సమ్మ వచ్చి సూసి, "తల్లిపాలు పడాలె. లేకుంటే పిల్లగాడు నిలవడు" అని మొఖం మీదనే చెప్పిపోయింది. ఎందుకట్ల చేస్తున్నవే అంటే సృజన పలకదు. నిరుడు ఆమెకు మొదటి కాన్పుల పాప ప్రాణం లేకుండనే పుట్టింది. ఆ ముచ్చట ఇంట్ల ఎవ్వరు ఎత్తరు. ఎత్తితే బిడ్డ మనసు విరుగుతదని భయం.

పొద్దు వాలింది. నక్షత్రం కొక్కెం ఇప్పుకుంది. ముగ్గురు జ్ఞానులు ఎనక పడ్డరు. వాళ్ల ఎనక పాటలోళ్లు, తబలా, తప్పెట. ముంబై రోడ్డు కాడ సిగ్నల్ పడితే నక్షత్రం ఆగింది, లారీలు పోయినంక దాటింది. చాయ్ హోటలాయన గ్లాసులు కడుగుకుంట తల ఎత్తి, "ఈపారి ఎటో?" అన్నడు.

"లక్డారం దిక్కేమో" అన్నడు బాలప్ప.

గని అది లక్డారం దిక్కు పోలే. నీళ్ల ప్లాంటు కాడ ఎడమ చేతి దిక్కు మలిగింది. పిండిగిర్ని కాడ మళ్ల మలిగింది. ‘ముందటికి పో, ఇంక ముందటికి పో’ అని బాలరాజ్ లోపట్నే బతిమాలుతున్నడు. అదేమో సక్కగ ఆయన గల్లీలకు దిగి, ఆయన ఇంటి మీద, టీవీ డిష్ పక్కన కుదురుగ నిలవడ్డది.

"అరే బాలన్నా, ఇది మీ ఇల్లే గదనే!" అన్నడు బాలప్ప.

"దారి తప్పినట్టుంది."

"ఎన్నడన్న తప్పిందా?" అన్నడు అనిల్. "తలుపు కొట్టు కాకా."

పద్ధతి పద్ధతే. జ్ఞానులు తలుపు కొట్టి, ‘పుట్టినోడు ఏడున్నడు?’ అని అడగాలె. బాలరాజ్ తన ఇంటి తలుపు తనే కొట్టిండు. గడ్డం సర్దుకొని అడిగిండు గూడ.

వనజ తలుపు తీసి నిలవడ్డది. "నీ ఇంట్లకు నువ్వు తలుపు కొడ్తవేందయ్యా? కల్లు గిట్ల తాగినవా?" అన్నది. అంతల మీద నక్షత్రాన్ని సూసి పక్కకు జరిగింది.

లోపట పక్కింటి మొగులమ్మవ్వ కూసోనుంది. పొలం పనులు చేసిన చేతులు, ఆ వాడల ఎన్ని కాన్పులు చేసినయో లెక్కలేదు. పిల్లగానికి నీళ్లు పోసి, పెంకల నిప్పులేసి ఊదుతున్నది.

"ఏం పట్కొచ్చిన్రయ్యా దొరలు?"

"బంగారం, సాంబ్రాణి, బోళం అవ్వా" అన్నడు అనిల్.

అవ్వ నోరంత తెరిచి నవ్వింది. "బాలింత సామానే తెచ్చిన్రు! బంగారం, వస కొమ్ము సానరాయి మీద అరగదీసి పోరని నాలికకు రాస్తం. సాంబ్రాణి పొగ తల్లీపిల్లలకు. బోళం బాలింతకు బెల్లంల పెట్టి మింగించేది మా కాలంల. చేదు ఇషం తీరుగుంటది గని లోపటి పుండు మాన్పుతది. ఆ తూర్పు దొరలను తోలిచ్చింది ఎవరో తెలిసిన ముసల్దే అయ్యుంటది. ఏవి, తియ్యుండ్రి."

డబ్బాలు తీసిన్రు.

"వారీ! బాలింత ఇంటికి ఖాళీ డబ్బాలు పట్కొని వచ్చిన్రా? గడ్డాలు ఎందుకురా మీకు?"

అనిల్ సిగ్గుపడి ఏలి ఉంగరం తీసి సానరాయి పక్కన పెట్టిండు. బాలప్ప ఉరికి ఆటోల ఉన్న సాంబ్రాణి పుడక తెచ్చి నిప్పుల మీద రాల్చి ఊదబోయిండు. గడ్డం కొసకు నిప్పంటింది. అవ్వ చెంబెడు నీళ్లు ఆయన మొఖాన కొట్టింది.

"మరి నీదేది బాలరాజు?"

బాలరాజ్ తీసి ఇయ్యనీకి ఏం లేదు. ఖాళీ డబ్బా పట్టుకొని మంచం కాడ కూలవడ్డడు. సృజన వీపు కనబడుతుంది. ఆ వీపుతోనే మాట్లాడిండు.

"బిడ్డా, నిరుడు పాపను నేనే పట్కపోయిన గదా."

"ఇప్పుడా ముచ్చట ఎందుకయ్యా!" అని వనజ అడ్డం రాబోయింది.

"చెప్పనియ్యవే" అన్నది మొగులమ్మ.

"లక్డారం తొవ్వల మన బొందలగడ్డ ఉంది సూడు. మా అమ్మ పక్కనే పండవెట్టిన. చలికాలం గదా అని కంపెనీల ఇచ్చిన నీలం స్వెట్టర్ చుట్టిన. మీ అమ్మ అడిగితే ఏడనో పోయిందని చెప్పిన. పేరు లేకుండ పంప బుద్ధి కాలేదు బిడ్డా. పేరు పెట్టి పంపిన."

మంచం కిర్రుమంది. సృజన ఇటు తిరిగింది.

"ఏం పేరు బాపూ?"

"నిహారిక. ఆడపిల్ల పుడితే గదే పెడుతనని మీ అమ్మతోని అంటుంటివి. నేను ఇన్న."

సృజన నిరుడు ఏడవని ఏడుపంత ఏడ్చింది. ఎవ్వరు ఊకోమనలే. "దాన్ని సూడకముందే మస్తు ముద్దు చేసిన బాపూ, పోయింది. వీన్ని సూస్తే వీడు గూడ పోతడేమో అని సూస్తలేను" అన్నది. ఏడ్చి ఏడ్చి అలిసినంక, కొంగుతోని మొఖం తుడుసుకొని, "ఎట్లున్నడు?" అని అడిగింది.

"నువ్వే సూడు" అన్నడు బాలరాజ్. దూది గడ్డం తడిసి ముద్దయింది.

మొగులమ్మ సాంబ్రాణి వాసన కొడుతున్న పిల్లగాన్ని తెచ్చి ఒళ్లె పెట్టింది. వాడు ఎవరేంది అని అడగలే. క్యాంటీన్ గంట ఇన్న మనిషి తీరుగ పని మీద పడ్డడు. ముగ్గురు జ్ఞానులు దబదబ గోడ దిక్కు తిరిగి నిలవడ్డరు. వాడు కక్కలే. గుటగుట మింగే సప్పుడు ఆ అర్రంత ఇనబడ్డది. వనజ గడప మీద కూలబడి, ఏడుస్తుందో నవ్వుతుందో తెల్వకుండ దేవున్ని పిలుస్తున్నది.

దారిల ఎనకవడ్డ పాటలోళ్లను ఎంటేసుకొని పాస్టరయ్య ఆయాసపడుకుంట వచ్చిండు. వాకిట్ల బాలరాజ్ నిలవడి ఉన్నడు, చేతుల డబ్బా.

"బోళం ఇచ్చినవా బ్రదర్?"

"ఇచ్చిన అయ్యగారు."

"డబ్బా ఖాళీదే గదా?"

"ఇప్పుడు ఖాళీ అయింది" అన్నడు బాలరాజ్. "వచ్చే ఏడు గూడ ఇది నాకే ఉండనియ్యుండ్రి."

లోపట్నుంచి సృజన గొంతు ఇనబడ్డది. "అమ్మా, ఆకలైతుందే. ఎల్లిగడ్డ కారం ఏసి అన్నం తే. జెర ఎక్కువనే తే."

వనజ ఉరికింది. ఎన్ని నాళ్లయిందో ఆ మాట ఇని.

పైన నక్షత్రం డిష్ పక్కనుంచి కదిలింది. ఏటా అయితే ఒక్క ఇల్లు సూసి సక్కగ చర్చి కొక్కేనికి పోతది. ఆనాడు మాత్రం పిండిగిర్ని కాడ చర్చి దిక్కు మలగలే. లక్డారం తొవ్వ పట్టింది, చలిగాలికి జెర ఊగుకుంట.

కిటికీల నుంచి సృజన సూసింది. పిల్లగాని తల నిమిరి, వాని చెవుల చెప్పింది.

"మీ అక్క కాడికి పోతుంది రా. పోయొస్తది. నువ్వు తాగు."