గురువారం నీళ్లు

పొరకను అడ్డంగా తిప్పి, కంచె మొదళ్లలో పేరుకున్న కసువును బయమ్మ ఇవతలికి లాగింది. రాళ్ల సందుల్లో ఇరుక్కున్న గొర్రె పెంటికలు పొరకకు అందవు. వంగి చేత్తో ఏరి గంపలో వేసుకుంది. తూర్పున గాలిమరల రెక్కలకు ఎండ తగిలింది గానీ నేలమీద ఇంకా చల్లగానే ఉంది. ఎండ సంతమైదానంలోకి దిగేలోపల ఊడ్చడం అయిపోవాలి. ఆ తర్వాత ఎర్రమట్టి లేచిందంటే పగలంతా కళ్లు తెరవనియ్యదు.

యాభై దాటిన మనిషి. ఏళ్ల తరబడి ఒకే పక్కకు ఊడ్చి ఊడ్చి కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. రవిక కుట్టించుకున్న ప్రతిసారీ ఒక పక్క బిగుతు, ఒక పక్క వదులు. కుట్టినవాణ్ని ఏమీ అనేది కాదు. వదులున్న పక్క పిన్నీసు పెట్టుకునేది. చెవితమ్మెలకు కమ్మలు లేవు, వేపపుల్ల ముక్కలున్నాయి. పాదాల పగుళ్లలో ఎర్రమట్టి ఎంత తోమినా పోకుండా గీతలు గీసినట్టు నిలిచిపోయింది.

నల్లబండలో గొర్రెల సంత గురువారం. తక్కిన రోజుల్లో ఆ మైదానంలో మనిషి అలికిడి ఉండదు. మైదానం చివర, పంచాయతీ ఎప్పుడో సామాన్ల కోసం కట్టిన ఒంటిగదిలోనే బయమ్మ కాపురం. శుక్రవారం పొద్దున తలుపు తీస్తే ఎదురుగా ఖాళీ నేల. ఆ ఖాళీని కొంచెం కొంచెంగా ఊడ్చుకుంటూ బుధవారానికి చేరేది. కొన్ని రోజులు పొద్దుగూకేదాకా నోరు తెరిచే పనే ఉండేది కాదు. అట్లాంటప్పుడు సాయంత్రం అంగట్లో ఉప్పో చింతపండో అడగబోతే గొంతు పట్టుకుపోయి, మాట కోసం దగ్గవలసి వచ్చేది.

గురువారం మాత్రం నాలుగు దిక్కుల నుంచీ మంద వచ్చేది. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరాలు చేసేవాళ్లు, ఉగ్గాని బజ్జీల బండి, పిల్లల్ని వెతుక్కుంటూ అరిచే తల్లిగొర్రెలు. "బయమ్మా, నీళ్లు!" "బయమ్మా, ఆ పొట్టేలును పట్టు!" అని అన్ని మూలల నుంచీ తన పేరు వినిపించేది. ఆ ఒక్క రోజు పిలుపులతో ఆమె వారమంతా బతికేది.

నల్లబండ పంచాయతీ బతికింది కూడా ఆ ఒక్క రోజుతోనే. ఇళ్లపన్ను వస్తే వచ్చినట్టు, రాకపోతే లేనట్టు. గేటు దగ్గర జీవానికింతని కోసే చీటీలతోనే వీధిదీపాలు వెలిగేవి, కాలువలు తీసేవాళ్లకు కూలి అందేది, బయమ్మకు జీతం వచ్చేది. సంతలో పోగయ్యే గొర్రెల ఎరువును ఏటా వేలం వేస్తే అదొక రాబడి.

శివరాత్రికి ముందు సంత బోరు మోటరు కాలిపోయింది. బాగు చేయించడానికి పంచాయతీ దగ్గర దుడ్లు లేకపోలేదు. ఉన్నవాటిని కరెంటు బాకీకి కట్టారు. మోటరు వచ్చే నెల చూద్దామన్నారు. వచ్చే నెల వచ్చేసరికి సంత పలచబడింది. మైళ్లకొద్దీ నడిచొచ్చిన జీవానికి నీళ్లు పెట్టకపోతే డొక్కలు లోపలికి పోతాయి. డొక్క పోయిన గొర్రెకు బేరగాడు ధర పెట్టడు. గొర్రెలవాళ్లు ఒక్కొక్కరే పక్క మండలం సంతకు మళ్లారు. చీటీలు తెగలేదు కాబట్టి మోటరుకు దుడ్లు లేవు, మోటరు లేదు కాబట్టి చీటీలు తెగలేదు. ఉగాది నాటికి బజ్జీల బండి కూడా రావడం మానేసింది.

పోయిన గురువారం, వచ్చిన కొద్దిమందిలో గొర్రెలకాపరి నరసింహప్ప ఎండిన తొట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"ఈడ నీళ్లు లేకపోతే జీవాల్ని తోలుకొచ్చేది ఎట్లమ్మా?" అన్నాడు. "వాటి నోళ్లు చూడలేకుండా ఉండా."

"వచ్చేవారం రా అన్నా. నీళ్లుంటాయి," అంది బయమ్మ.

అట్లా మాట ఇమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చినాక వెనక్కి తీసుకోలేదు.

మరుసటిరోజే పంచాయతీ ఆఫీసుకు పోయింది. కార్యదర్శి లక్ష్మీప్రసన్న అనంతపురం పిల్ల, పని మీద మనసున్నదే. "ఎస్టిమేటు పంపినానక్కా, పైనుంచి రావల్ల," అంది. రెండోసారి పోతే అదే మాట. మూడోసారి పోయినప్పుడు ఆ పిల్ల తలెత్తకుండా ఏవో కాగితాలు సర్దుకుంటూ కూర్చుంది. బయమ్మ గడప దగ్గర కొంచెంసేపు నిలబడి వచ్చేసింది.

వచ్చేదారిలో మైదానాన్ని ఆనుకుని ఉన్న చీనీతోటలోకి దిగింది. వెంకటేశులు బత్తాయి చెట్లకు పాదులు చేస్తున్నాడు.

"గురువారం ఒక్కపూట నీ బోరు నీళ్లు తొట్టికి ఇడుస్తావా అప్పా?"

"ఊరికే ఇస్తే మా నాయన తిడతాడక్కా. చెట్లకే చాలడం లేదు."

"ఎరువు తీసుకో. సంతలో పడిందంతా నీదే. నేనే ఊడ్చి కుప్ప పోసిస్తా."

చీనీచెట్లకు గొర్రెల ఎరువు దొరకడం ఎంత కష్టమో వెంకటేశులుకు తెలుసు. ఆ ఎరువు బయమ్మది కాదనీ తెలుసు. ఆమెకూ తెలుసు. దాని గురించి ఇద్దరూ మాట్లాడలేదు.

ఇప్పుడు, గురువారం పొద్దున, ఊడ్చడం ముగించి, బయమ్మ కంచె దగ్గర నిలబడి చూస్తోంది. తోటలోంచి తెచ్చిన నల్లపైపు కంచె కిందుగా వచ్చి తొట్టిలోకి నోరు పెట్టుకుని ఉంది. కరెంటు ఇంకా రాలేదు. దూరాన రోడ్డుమీద దుమ్ము లేచింది. లారీ. మళ్లీ దుమ్ము. ఈసారి స్కూటరు మీద గేటు చీటీలు కోసే ఓబిలేష్. గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఫోను తీశాడు.

"ఎవురొస్తారు బయమ్మా, ఊరికే చూస్తాండావు," అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపల తోటలో స్టార్టరు టక్కుమంది. పైపు ఒకసారి గుటకవేసినట్టు కదిలి, దగ్గి, ఎర్రని బురదనీళ్లు కక్కింది. తొట్టి అడుగున బల్లి ఒకటి గోడెక్కి పారిపోయింది. కాసేపటికి నీళ్లు తేటపడ్డాయి. ఎండిన సిమెంటు తడిసిన వాసన మైదానమంతా కమ్ముకుంది. బయమ్మ తొట్టి గట్టుమీద కూర్చుని చెయ్యి నీళ్లలో పెట్టి, అట్లాగే ఉంచింది.

మొదట వచ్చింది నరసింహప్ప మందే. ముందున్న గొర్రెలకు నీళ్ల వాసన తగిలినట్టుంది, గేటు దగ్గరే నడక మారింది. ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టి చుట్టూ మూగాయి. వెనక నరసింహప్ప, భుజాన కంబళి, చేతిలో కర్ర. బయమ్మను చూశాడు. తలను అటూ ఇటూ ఒక్కసారి ఆడించాడు, ఎప్పట్లాగే.

ఆ తల ఆడించడం వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ అర్థం కాదు. వానలు పూర్తిగా మొహం చాటేసిన ఒక ఏడు, బయమ్మ మొగుడు బయ్యన్న బెంగుళూరుకు కాంక్రీటు పనికి పోయాడు. రెండుసార్లు కబురు వచ్చింది. మూడోది రాలేదు. వెంట పోయినవాళ్లు తిరిగొచ్చి, వేరే మేస్త్రీతో ఇంకెక్కడికో పోయినాడన్నారు. పిల్లలు లేరు. వెతకడానికి అన్నదమ్ములు లేరు. సంతలో ఊడ్చే పని ఉందంటే ఆమె అందుకే ఒప్పుకుంది. నాలుగు దిక్కుల మనుషులు వచ్చే చోటు కదా అనుకుంది. మొదట్లో వచ్చిన ప్రతివాణ్నీ అడిగేది. పొట్టిగా ఉంటాడు, ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటాది, చూసినారా అని. నవ్వినవాళ్లు ఉన్నారు. నరసింహప్ప నవ్వలేదు. "నేను తిరిగే సంతల్లో అడుగుతాలేమ్మా," అన్నాడు. ప్రతి గురువారం వచ్చి, లేదని తల ఆడించేవాడు. అడగడం ఆమె ఎప్పుడో మానేసింది. అతను తల ఆడించడం మానలేదు.

ఆ వెనక ఇంకో మంద వచ్చింది. నల్లబండలో నీళ్లున్నాయన్న మాట రోడ్డు వెంట ఎట్లా పాకిందో, పక్క సంతకు మళ్లిన ఆటోలు, ట్రాలీలు వెనక్కి తిరిగి వచ్చాయి. ఓబిలేష్ ఫోను జేబులో పెట్టి, రెండు చేతులా చీటీలు కోస్తున్నాడు. బేరగాళ్ల కేకలు, గొర్రెల అరుపులు, దుమ్ము. ఎవరో ఎక్కడినుంచో "బయమ్మా!" అని అరిచారు. ఆమె పరుగెత్తింది. తొట్టి అడుగంటినప్పుడల్లా కంచె దగ్గరికి పోయి "ఇంకొంచేపప్పా" అని తోటలోకి కేకేసింది. మధ్యాహ్నం సంగటి తిందామనుకుని మరిచిపోయింది.

పొద్దు వాలే వేళకు లక్ష్మీప్రసన్న వచ్చింది. బండి గేటు బయటే పెట్టి, ఓబిలేష్‌తో మాట్లాడి, మైదానంలోకి నడిచింది. నల్లపైపును చూసింది. పైపు వెంట చూపు తోటదాకా పోయింది.

"ఏమిచ్చినావక్కా వెంకటేశులుకు?"

"ఎరువు."

ఆ పిల్ల కళ్లు మూసుకుని తెరిచింది. "అది పంచాయతీది కదక్కా. ఆడిట్‌లో నన్ను కదా అడిగేది."

"అడిగితే నా పేరు చెప్పుమ్మా. నేనే ఇచ్చినా."

లక్ష్మీప్రసన్న తొట్టి గట్టుమీద బయమ్మ పక్కనే కూర్చుంది. ఒక గొర్రెపిల్ల ఆమె చున్నీ కొసను నోట పట్టుకుంటే విడిపించుకుంది.

"ఇంత సంత నేనొచ్చినాక ఎప్పుడూ చూళ్లేదక్కా," అంది. చున్నీ తడికొసను పిండుకుంటూ, "సోమవారం తీర్మానమైపోయింది," అంది.

"ఏం తీర్మానం?"

"ఈ స్థలం గాలిమరల కంపెనీకి. రెక్కలు, ఇనుప సామాన్లు పెట్టుకుంటారు. మూడేళ్లకు రాసిచ్చేసినారు. నెలనెలా అద్దె కడతారంట. వాళ్లు నీళ్లడగరు, ఊడ్చమనరు, మనిషిని పెట్టమనరు. సభ్యులందరూ సరే అన్నారు. ఇదే ఆఖరు సంత. నీకు చెప్పల్లని శానాసార్లు అనుకున్నా. నువ్వొచ్చి గడప దగ్గర నిలబడితే నోరు రాలేదు."

బయమ్మ మైదానం వైపు చూసింది. ఇద్దరు బేరగాళ్లు తువ్వాలు కింద చేతులు పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడి ఉన్నారు.

"మోటరు కాలినప్పుడే నీళ్లిచ్చింటే ఇదంతా ఉండేది కదమ్మా," అంది. గొంతులో కోపం లేదు. ఉన్నమాటే చెప్పింది.

"ఉండేదేమో. ఊరు చీకటైతాదని నేను కరెంటు బాకీ ముందు కట్టినా. ఆ రోజు అదే సరి అనిపించింది." గొంతు తగ్గించింది. "ఆ గది కూడా వాళ్లకేనక్కా. వాచ్‌మన్ ఉంటాడంట. చెత్తబండి మింద నీకు పని ఇమ్మని సర్పంచును అడుగుతా."

"ఆడ ఇద్దరుండారు కదా. వాళ్లలో ఒకర్ని తీసెయ్యల్ల." బయమ్మ లేచి చీర దులుపుకుంది. "వద్దులేమ్మా. గుత్తిలో మా చెల్లెలు రామలక్ష్మమ్మ ఉండాది. హోటల్లో వండుతాది. శానా దినాల నుంచి రమ్మంటాంది."

"ఎరువు సంగతి నేను చూసుకుంటా," అంది లక్ష్మీప్రసన్న. బండి తీసుకుని వెళ్లిపోయింది.

సంత విడిపోతోంది. అమ్ముడుపోయినవి ఆటోల్లోకి ఎక్కాయి, పోనివి వచ్చినదారి పట్టాయి. ఆఖరున నరసింహప్ప మందను మళ్లించుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు. ఈరోజు బేరం బాగా జరిగినట్టుంది, మొహం తేటగా ఉంది.

"మాట నిలబెట్టినావమ్మా. వచ్చేవారం ఇంకో మందను కూడా తోలుకొస్తా."

"వచ్చేవారం సంత లేదన్నా. స్థలం ఎవురికో ఇచ్చేసినారు. నువ్వు ఆ పక్క మండలం సంతకే పో."

నరసింహప్ప కర్రమీద గడ్డం ఆనించి విన్నాడు. "నువ్వో?"

"గుత్తికి."

గొర్రెలు ఆగలేక ముందుకు కదిలాయి. అతను ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి, "ఆడ కూడా అడుగుతాలేమ్మా," అన్నాడు.

బయమ్మ పైట కొసతో మొహం మీది దుమ్ము తుడుచుకుంది. మెడ, చెవుల వెనక, అంతా నిదానంగా తుడుచుకుంది.

"వద్దన్నా," అంది. "ఇంక యాడా అడగొద్దులే."

అతను ఆమెను చూశాడు. ఈసారి తల అడ్డంగా ఆడించలేదు. సరేనన్నట్టు వంచాడు. కంబళి సర్దుకుని మంద వెనక నడిచాడు. గేటు దాటాక కూడా చాలాసేపు దుమ్ము కనిపించింది. తర్వాత అదీ నేలకు దిగిపోయింది.

గుత్తి బస్సుకు ఇంకా పొద్దుంది. బయమ్మ పొరక తీసుకుని మైదానం ఆ చివర మొదలుపెట్టింది. ఓబిలేష్ కుర్చీ మడుస్తూ, "రేపు ఊడ్చుకోగూడదా?" అని అడిగాడు. ఆమె వినిపించుకోలేదు. అతను చీటీపుస్తకం సంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె బస్సెక్కడం ఎవరూ చూడలేదు.

తెల్లవారి వెంకటేశులు బండి కట్టుకుని వచ్చేసరికి మైదానమంతా అద్దంలా ఊడ్చి ఉంది. కంచె పక్కన ఎరువు మట్టి కలవకుండా కుప్పగా పోసి ఉంది. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. "అక్కా" అని పిలిచి, తోసి చూశాడు. పొయ్యి అలికి ఉంది. చాప లేదు, బిందె లేదు. గోడకు ఒక మేకు, మేకుకు మగవాళ్ల చొక్కా ఒకటి, ఉతికి, ఎవరూ తొడగకుండానే రంగు వెలిసి, గుండీలన్నీ పెట్టి వేలాడుతోంది.