స్వయంగా ఎరిగిన వ్యక్తి

“నాన్న సంపాదన అన్న గడిలో సున్నా పెట్టకమ్మా. సున్నా పెడితే మనిషి బతికుండి ఖాళీగా కూర్చున్నాడనుకుంటారు. లేరు అని రాయి,” అని ఫోన్లో చెబుతూనే ఆమె మొగుడి చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఇంకోసారి లాగింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని మెడ పట్టేసింది. ఆ చొక్కా రేపు దాతల సమావేశంలో వేదిక ఎక్కాలి. దానితోపాటు ఆమె మొగుడూ ఎక్కుతాడు, సంఘానికి ఆయనే ప్రెసిడెంటు కాబట్టి.

చదువుకోవాలని ఉండి కాలేజీ ఫీజు దగ్గర ఆగిపోయిన పిల్లలకి ఏ ట్రస్టు సాయం చేస్తుందో వెతికి, దరఖాస్తు పెట్టించడం ఆ సంఘం పని. సంఘమంటే పెద్ద భవనమేం కాదు, వాళ్ళింటి ముందుగదే. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నాలుగు కుర్చీలు, ఈమె. గోడమీది బోర్డులో ఏడుగురి పేర్లున్నాయి గానీ ఈమె పేరు లేదు. ఎందుకు లేదని ఒకసారి అడిగితే ఆయన నవ్వేశాడు. ఇంట్లోవాళ్ళకి కూడా పదవులేమిటి, నువ్వెటూ చేస్తూనే ఉంటావుగా అన్నాడు. ఎటూ చేస్తూనే ఉంది మరి, పదకొండేళ్ళుగా. ఏ ట్రస్టు ఆడపిల్లలకే ఇస్తుందో, ఏది తండ్రి లేనివాళ్ళకి ఇస్తుందో, ఎవరి వెబ్‌సైటు ఆఖరి గంటలో మొండికేస్తుందో అన్నీ ఆమెకి నోటికొచ్చు. పిల్లలు ఆమెని ఫారాల మేడం అంటారు. కమిటీవాళ్ళొచ్చినప్పుడు ఆయన మాత్రం “మా ఆవిడ, కాస్త సాయం చేస్తుంటుంది” అంటాడు, ఆమె టీ ట్రే పట్టుకుని నవ్వుతుంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఆమెకే ఒళ్ళు మండుతుంది. అత్తగారిది ఇంకో పాట. మా కోడలికి ఇంట్లో పని తక్కువమ్మా, అందుకే ఈ కాలక్షేపం అని ఇరుగూ పొరుగూ అందరి చెవినా వేసింది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆవిడ చేతిలో ఉండేది కోడలు పెట్టిన టీయే.

ఇస్త్రీ అయ్యేసరికి రెండున్నరయింది. ముందుగదిలో ఒక పిల్ల కుర్చీ అంచున కూర్చుని ఉంది. పొడుగు జడ, మొహానికి మించిన కళ్ళజోడు. ఆ పిల్లకి ఇంజినీరింగులో సీటొచ్చింది. తండ్రి లేడు, తల్లి ఆస్పత్రిలో గదులు తుడుస్తుంది. నాలుగేళ్ళ ఫీజూ కట్టే ఒకే ఒక్క ట్రస్టుకి దరఖాస్తు అంతా పూర్తయింది, ఒక్క సిఫారసు ఉత్తరం తప్ప. అది ఈ సాయంత్రం అయిదింటిలోపల వెళ్ళాలి. వెళ్ళకపోతే సీటు వదులుకోవడమే. నిజానికి ఉత్తరమనేది ఆ ఇంట్లో అయిదు నిమిషాల పని. ఆయన ఏడాదికోసారి ఒక కట్ట ఉత్తరాల కాగితాల మీద, కింద ముందుగానే సంతకాలు పెట్టేస్తాడు. “మాటిమాటికీ నన్ను లేపకు, నువ్వే పైన ఏదో ఒకటి టైపు కొట్టుకో” అని ఆయనే పెట్టిన పద్ధతి. పైన ఆమె కొట్టేది. ‘ఈ విద్యార్థిని నేను స్వయంగా ఎరుగుదును’ అని మొదలయ్యేది ప్రతి ఉత్తరమూ. ఆయన ఎరిగింది ఆ పిల్లల్ని కాదు, ఈ పద్ధతిని.

ఈసారి ఆ కట్ట సొరుగులో లేదు. భోజనం కాగానే ఆయన తీసి తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఎందుకంటే ఆ కళ్ళజోడు పిల్ల రేపు వేదిక మీద మాట్లాడనంది.

మాట్లాడటమంటే మాటలు కావు. ప్రతి ఏడూ ఒక విద్యార్థిని నిలబెట్టి, వాళ్ళింటి కష్టాలు చెప్పించి, దాతల కళ్ళు తడిపించడం సంఘం ఆనవాయితీ. ఆ కష్టాలు రాసిచ్చేది కూడా ఎవరనుకున్నారు, ఈమే. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఒక్క క్షణం ఆగాలో పక్కన పెన్సిలుతో గుర్తులు కూడా పెట్టేది. కిందటేడు పిల్లకి రాసినదే కాస్త మార్చి ఈ పిల్ల చేతికిచ్చింది. ఆ పిల్ల రెండుసార్లు చదివి, తలెత్తి, “మేడం, మా ఇంట్లో కరెంటుందండీ” అంది. కిందటేడు పిల్ల దీపం వెలుగులో చదువుకున్న ముక్క అందులో అలాగే ఉండిపోయింది.

“మా అమ్మ ఏం పని చేస్తుందో చెప్పడానికి నాకేం సిగ్గులేదు,” అంది ఆ పిల్ల నెమ్మదిగా. “కానీ రేపు ఆవిడ ముందు వరసలోనే కూర్చుంటుంది. ఆవిడ చూస్తుండగా, ఆవిడ కష్టాన్ని చూపించి నన్ను ఏడవమంటున్నారు. అది నావల్ల కాదండీ.”

రాసిన చేతికి ఆ మాట సూటిగా తగిలింది. పదకొండేళ్ళుగా పదకొండుమంది తల్లుల్ని అలా ముందు వరసలో కూర్చోబెట్టింది తను. వాళ్ళలో ఒక్కరి మొహమైనా అప్పుడు చూసిందా? చూడలేదు. వెనకాల టీ కప్పుల దగ్గర ఉండేది.

ఆమె లోపలి గదికి వెళ్ళి ఆయన్ని ఆ కాగితాల కట్ట అడిగింది. ఆయన మంచం మీద పడుకుని రేపటి ప్రసంగం వల్లె వేసుకుంటున్నాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు, ఎప్పుడూ నిదానంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెబుతాడు, ఆమెకి భయమేసేది కూడా దానికే. దాతలు ఊరికే ఇస్తారా, వాళ్ళ మనసు కరగొద్దా, ఈ పిల్ల అయిదు నిమిషాలు నోరు తెరిస్తే వచ్చే ఏడు ఇంకో పదిమంది చదువుకుంటారు, ఆ పదిమంది సంగతేమిటని అడిగాడు. అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు, అందుకే ఆమె ఇన్నేళ్ళూ తలూపింది.

“ఆ పదిమంది కోసం ఈ పిల్ల సీటు పోగొడతారా?” అంది.

“నేనెందుకు పోగొడతాను? మాట్లాడతానని ఒక్క మాట చెప్పమను, తాళం తీస్తాను. అయినా సంతకం నాది, ఇవ్వాలా వద్దా అన్నది నా ఇష్టం. నీకెందుకు మధ్యలో?” అని ఆయన కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గుమ్మంలోంచి అత్తగారు, మొగుడి మాట వినకుండా ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని నెత్తికెత్తుకుంటే ఇంతే మరి అని గోడకి చెప్పినట్టు చెప్పింది.

మూడున్నరయింది. ఆ పిల్ల కళ్ళజోడు తీసి చున్నీ అంచుతో తుడుస్తోంది. “పోనీ, మాట్లాడతానని చెప్పేయండి మేడం,” అంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న గొంతు ఒక్కసారిగా జారిపోయింది. ఆ జారిపోవడం ఆమెకి బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తలో బీఈడీలో చేరతానని పట్టుబట్టి, మూడోరోజుకి పోనీలెండి అన్నది తనే. అప్పట్నుంచి ఎన్ని పోనీలెండిలు అన్నదో లెక్కలేదు.

“ఉండు, ఏమీ చెప్పొద్దు,” అని ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. సిఫారసు పేజీ తెరిచి, కింద సన్నటి అక్షరాల్లో ఉన్న సూచనలు చదివింది. పిల్లల ఫారాల్లో కామా తప్పయినా పట్టే మనిషి, ఈ పేజీని పదకొండేళ్ళుగా చూస్తున్న మనిషి, ఆ సూచనలు మాత్రం ఎప్పుడూ పూర్తిగా చదవలేదు. ఉత్తరం సంస్థ అధ్యక్షులు రాయాలని ఎక్కడా లేదు. ‘విద్యార్థితో దగ్గరుండి పనిచేసి, స్వయంగా ఎరిగిన వ్యక్తి రాయాలి’ అని ఉంది. ఎవరి పేరు పెట్టాలన్నది ఆమెకి ఒక ప్రశ్నగా కూడా తోచలేదన్నమాట, ఇన్నేళ్ళూ.

ట్రస్టువాళ్ళ నంబరుకి ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఒకావిడ ఎత్తింది. సంఘం పేరు చెప్పి, ఈసారి ఉత్తరం తను రాయవచ్చా అనగానే, ప్రెసిడెంటుగారే కదా ప్రతి ఏడూ రాసేది, పిల్లలందరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతారట, ఈసారి ఆయన రాయరా, మీరెవరని అడిగింది. ఆమె నోట అలవాటు కొద్దీ ఒకటే మాట వచ్చింది, ఆయన భార్యనండీ అని.

“అయ్యో, ఆయన బదులు ఇంట్లోవాళ్ళు రాస్తే కుదరదండీ. ఆ అమ్మాయితో పనిచేసినవాళ్ళే రాయాలి.”

తన నోటితోనే తలుపు మూసేసుకుంది. ఫోను పెట్టెయ్యడమొక్కటే మిగిలింది. పిల్ల ఆమె మొహం చూసి లేచి నిలబడి సంచీ తగిలించుకుంటోంది. కూర్చోమన్నట్టు ఆమె చెయ్యి చూపించింది.

“ఆ అమ్మాయితో పనిచేసింది నేనేనండీ,” అంది. “ఇన్నేళ్ళూ ఆయన పేరుతో రాసిందీ నేనే.”

ఆవిడ గొంతు మారింది. మరి ఇంతకుముందు వచ్చినవన్నీ ఏమిటని అడిగింది.

“పిల్లల గురించి రాసిందంతా నిజమే. రాసిందెవరన్న ఒక్క ముక్కే అబద్ధం.”

ఆవిడ ఏదో రాసుకుంటున్న చప్పుడైంది. ఈ సంగతి మా పైవాళ్ళకి చెప్పక తప్పదు మేడం, సోమవారం వాళ్ళు మీ ప్రెసిడెంటుగారికి ఫోను చేస్తారు అంది. ఆ తర్వాత, పిల్ల తప్పేం లేదు కాబట్టి మీ పేరుతోనే పంపండి, అయిదింటికల్లా రావాలి అని పెట్టేసింది.

గోడ గడియారంలో నాలుగూ పదైంది. ఎవరి పేరున రాసినా గలగలా సాగే చెయ్యి, తన పేరున రాయాలంటే మొరాయించింది. ‘నేను’ అని కొట్టి ఆగింది, చెరిపేసింది, మళ్ళీ కొట్టింది. ఇక కళ్ళు మూసుకుని ఆ పిల్లనే గుర్తు తెచ్చుకుంది. ప్రతి శనివారం రెండు బస్సులు మారి వచ్చేది. తన పని అయ్యాక పక్కవాళ్ళ ఫారాలు కూడా దిద్దేది. అబద్ధం రాసిస్తే, అవసరం పీకల మీదున్నా చదవనంది. ఈ మూడూ రాసింది. కష్టాల గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. కింద హోదా అన్న గడి వచ్చింది. ఆ గడి ముందు కాసేపు కూర్చుని, ‘దరఖాస్తుల పని చూసే వ్యక్తి, పదకొండేళ్ళుగా’ అని నింపింది. తెల్లకాగితం మీద ప్రింటు తీసి, కింద సంతకం చేసింది. కిందటిసారి ఎప్పుడు చేసిందో గుర్తు రాలేదు. తన పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద కూడా ఆయన సంతకమే ఉండేది. సంతకం కాస్త వంకరగా వచ్చింది. అయితేనేం, అది ఆమెదే.

ఉత్తరం వెళ్ళేసరికి నాలుగూ యాభై. అందిందని తెర మీద కనబడగానే ఆ పిల్ల రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఆమె ఆ పిల్ల వీపు నిమిరి, చీకటి పడకముందే బస్సెక్కి వెళ్ళమని పంపించింది.

ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చూసుకుంటున్నాడు, ఆఖరి రెండు గుండీలు ఇంకా పెట్టుకోలేదు. పిల్ల ఒప్పుకుందా అని అడిగాడు. ఒప్పుకోలేదు, ఉత్తరం వెళ్ళింది అని ఆమె చెప్పింది. ఎవరి సంతకమన్నాడు. నాదే అంది. ట్రస్టావిడతో ఏం చెప్పిందో, సోమవారం ఎవరు ఫోను చేస్తారో, అది కూడా దాచకుండా చెప్పేసింది. చెబుతుంటే మాట తడబడలేదు. గుండీ మీది ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

“ఎంత పని చేశావు,” అన్నాడు. “ఊరందరినీ పిలిచాను. రేపు వేదిక మీద ఎవర్ని నిలబెట్టమంటావు?”

ఆమె కంప్యూటరు కట్టేసి, కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

“నేను మాట్లాడతాను లెండి,” అంది.